మరమ్మతుల వసంతం

సంక్రాంతి వెళ్లి, కుప్పలు నూర్చి, ధాన్యం ఇంటికి చేరాక తొలకరి దాకా తూర్పు తీరాన ఉన్న మా ఉద్దానం ప్రాంతంలో నాలుగైదు నెలలు మిగులుతాయి. పేరుకు అది తీరిక కాలం. వెనక అక్టోబరు, నవంబరు తుపాను నెలలు. ముందు జూన్ వానలు. ఈ రెంటి నడుమ దొరికిన ఎడంలోనే ఊరు తన వస్తువులన్నిటినీ ఒకసారి చేతిలోకి తీసుకుని తిప్పి చూసుకుంటుంది. కంచెలో పుచ్చిన రాట ఏది, నూతి గిలకకు చమురుందా, పాక మీద ఏ కమ్మ చివికింది, మోటారు నీళ్లు సరిగా ఎత్తుతోందా, పార పిడి ఊగుతోందా అని వెతుక్కుంటుంది. ఫాల్గుణ చైత్రాల్లో పలాస, వజ్రపుకొత్తూరు మొదలుకొని మందస, సోంపేట, కవిటి దాకా ఏ ఊరికి వెళ్లినా పొద్దుటిపూట సుత్తి దెబ్బలు, కత్తి నూరుతున్న చప్పుడు, తాటికమ్మల గరగర వినిపిస్తూనే ఉంటాయి.

ఈ పనులకు ఎవరూ కూలి ఇవ్వరు. వీటిమీద పాటలు కట్టినవాళ్లూ తక్కువే. అయినా మనిషికీ అతని చోటుకీ బంధం కుదిరేది వీటివల్లేనని గట్టిగా నమ్ముతాను. డబ్బిచ్చి కొన్నంతలో వస్తువు మనదైపోదు. తాతల నుంచి వచ్చినంతలో తోట మనదైపోదు. దాన్ని విప్పి, లోపల చూసి, పాడైన చోటు పట్టుకుని, మన చేత్తో సరిచేసిన రోజున అది మనదవుతుంది. ఈ సంగతి నాకు నేర్పింది ఉద్దానమే.

ముందుగా పనిముట్లు. కోతల్లో అరిగిన కొడవలికి కక్కు పెట్టించాలి. గునపం మొన సాగదీయించాలి. కత్తికి పదును పెట్టించాలి. కమ్మరి కొలిమి దగ్గర ఈ రోజుల్లో జనం గుమిగూడతారు. ఎర్రగా కాలిన ఇనుమును ఏ క్షణాన నీళ్లలో ముంచాలో కమ్మరి దాని రంగు చూసి చెబుతాడు. మరీ కాక మీద ముంచితే పెళుసెక్కి విరుగుతుంది. కాక చల్లారాక ముంచితే పదును నిలవదు. ఆ రెంటికీ మధ్య ఉన్న రంగును ఏ పుస్తకమూ చూపించలేదు. పక్కన నిలబడి చూసిన పిల్లవాడికి మాత్రం అది కంట్లో ముద్రపడి ఉండిపోతుంది. పిడికి కర్ర ఎంచుకోవడం ఇంకో విద్య. పచ్చికర్ర వేస్తే ఎండేకొద్దీ కుంచించుకుని ఊడిపోతుంది. అందుకే మా వైపు ఇళ్లలో చూరు కింద తుమ్మ, సరుగుడు కర్రలు ఏడాది పొడుగునా ఎండుతూ ఉంటాయి. ఎప్పుడో ఒకనాడు విరగబోయే పిడికోసం ఈనాడే కర్ర దాచడంలో ఎంత ముందుచూపు ఉందో ఆలోచించండి.

తర్వాత కొబ్బరి తోట. ఇక్కడిది ఇసుక కలిసిన నేల. పోసిన నీరు చూస్తుండగానే కిందికి దిగిపోతుంది. అందుకని ఎండలు ముదరకముందే చెట్టు చుట్టూ పాదు సరిచేసి, ఎండాకు, కొబ్బరి డొక్కలు వేస్తారు. డొక్క వేయడానికీ ఒక పద్ధతి ఉంది. నేల మీద పరిచేటప్పుడు బోర్లా పెట్టాలి. అప్పుడది నేలకు కప్పు అయి తడిని ఆరనివ్వదు. గాడి తీసి మట్టిలో పూడ్చేటప్పుడు వెల్లకిలా పెట్టాలి. అప్పుడది దిగిన నీటిని దోసిలిలో పట్టినట్టు పట్టి వేళ్లకు అందిస్తుంది. ఇలా పూడ్చిన డొక్క ఐదారేళ్లు పనిచేస్తుంది. ఒకే డొక్క బోర్లా పెడితే ఒక పని, వెల్లకిలా పెడితే ఇంకో పని చేస్తుంది. కొత్తగా కొన్నది ఏదీ లేదు. ఉన్నదాన్ని ఏ వైపు తిప్పాలో తెలియడమే ఇక్కడి తెలివి.

చెట్టెక్కి మొవ్వు చూడటం కూడా ఈ రోజుల్లోనే. విచ్చుకున్న ఆకు మీద త్రికోణంగా కత్తిరించిన గుర్తులు కనబడితే కొమ్ము పురుగు లోపల తొలుస్తోందన్నమాట. ఇనుప కొక్కెం దూర్చి దాన్ని బయటికి లాగుతారు. పురుగు పిల్లలు పెరిగేది పెంటకుప్పలో. కుప్ప తిరగేసి, లావాటి తెల్లటి పురుగులను ఏరడం పిల్లల వంతు, వాటిని తినడం వెంటపడి వచ్చే కోళ్ల వంతు. చెట్టు తలమీది జబ్బుకు మూలం పెరటి కుప్పలో ఉందని పదేళ్లకే తెలుసుకున్న పిల్లలు, ఏ ఇబ్బంది వచ్చినా దాని మూలం ఎక్కడుందోనని వెతకడం నేర్చుకుంటారు.

జీడిమామిడికి వసంతమే పంట కాలం. పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో బ్రెజిల్ నుంచి మన దేశానికి తెచ్చిన ఈ చెట్టు, మా ఇసుక నేలను సొంత నేల చేసుకుంది. చలికాలంలో పూసి, మార్చి నుంచి మే దాకా పిక్క రాలుస్తుంది. రాలకముందే చెట్ల కింద కలుపు తీసి, ఆకు ఊడ్చి నేల శుభ్రం చేయాలి. లేకపోతే పిక్క ఆకుల్లో కలిసిపోయి కనబడదు. తొందరపడి కోసిన పిక్కలో పప్పు నిండదు. పండి తనంత తాను రాలినదాన్ని ఏరి, పండు నుంచి పిక్కను మెలితిప్పి తీసి, రెండు మూడు రోజులు ఎండబెడతారు. తోటంతా ఆ రోజుల్లో జీడిపండు వాసనే. పనసచెట్లకు వేలాడే లేత కాయలు కొన్ని ఇంట్లోకి పొట్టుకూరకు వస్తాయి. మిగిలినవి ముదిరాక సంతకు వెళ్తాయి.

ఎండిన పిక్కల బస్తాలు పలాస కాశీబుగ్గ ఫ్యాక్టరీలకు చేరతాయి. అక్కడ పిక్క ఉడికించి, కోసి, పప్పును వేడి గదిలో ఆరబెట్టి, పొర తీసి, సైజు వారీగా వేరుచేస్తారు. పౌనుకు ఎన్ని పప్పులు తూగుతాయో దాన్నిబట్టి గ్రేడు పేరు పెడతారు. విరగని పప్పును ఇక్కడ గుడ్డు అంటారు. 180 గ్రేడు పెద్ద గుడ్డు, 320 గ్రేడు దానికంటే చిన్నది. ఆ పనిలో ఎక్కువమంది ఆడవాళ్లే. గుడ్డు విరగకుండా పొర తీసే వేళ్ల నేర్పుకు నేను చేతులెత్తి మొక్కుతాను. కానీ పెరటి పనుల్లోని ఆనందం గురించి రాస్తూ, ఆ పనినీ ఈ పనినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. మన తోటలో మన వీలునుబట్టి పిక్క ఏరుకోవడం వేరు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే చోట కూర్చుని, చర్మాన్ని కాల్చే జీడి నూనె మధ్య, చేసిన పని లెక్కన కూలికి పనిచేయడం వేరు. ఆ చేతులకు తగిన కూలి, తొడుగులు, ఆ షెడ్డులో గాలి, వెలుతురు కావాలి. అవి దొరికాకే అక్కడ పనిలోని అందం గురించి మాట్లాడే హక్కు మనకు వస్తుంది.

తీరం వెంట వసంతం ఇంకో రకంగా నడుస్తుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలతో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి సముద్రానికి విశ్రాంతి. మనిషికి మాత్రం అది మరమ్మతు పని. భావనపాడు నుంచి బారువ దాకా బోట్లు ఇసుక మీదికి ఎక్కుతాయి. చెట్ల నీడన వలలు పరుచుకుంటాయి. వలలో ఒక కన్ను తెగితే లాగుడు బరువంతా పక్క కన్నుల మీద పడుతుంది. ఈవేళ ఒకటి వదిలేస్తే రేపు పది తెగుతాయి. అందుకే వల బాగుచేసేవాడు చిరుగు దగ్గరే ఆగడు, చుట్టుపక్కల బలహీనపడ్డ కన్నులను కూడా వేలితో లాగి చూస్తాడు. ఫైబర్ బోటుకు పగులు పడితే గరుకు కాగితంతో రుద్ది, గాజుపీచు పరిచి, రెజిన్ పూస్తారు.

వీళ్ల తాతల కాలంలో ఈ తీరాన మేకు అన్నది లేకుండా, చెక్క పలకలను కొబ్బరి తాడుతో కుట్టిన పడవలు నడిచేవి. మసులా పడవలని వాటికి పేరు. ఒడ్డున విరుచుకుపడే కెరటాల దెబ్బకు బిగదీసి మేకులు కొట్టిన పడవ పగిలిపోయేది. కుట్టు పడవ కాస్త వంగి దెబ్బను ఓర్చుకునేది. తాడు చివికితే విప్పి కొత్త తాడుతో మళ్లీ కుట్టుకునేవారు. విప్పడానికి వీలుండటమే ఆ పడవకు బలం. ఈ రోజు మన చేతుల్లో ఉన్న చాలా వస్తువులు విప్పడానికి వీల్లేకుండా అతికించి వస్తున్నాయి. కొబ్బరి తాడుతో పడవ కుట్టినవాళ్లు చూస్తే ఇదేం పనితనం అని అడిగి ఉండేవారు.

నిషేధానికి ముందే ఆడవాళ్లు నెత్తళ్లు, కవళ్లు ఎండబెట్టి వానాకాలానికి దాస్తారు. నౌపడ దగ్గర ఉప్పు మడులకు ఇవే పని రోజులు. మడి అడుగును తొక్కి తొక్కి గట్టిపరిచి నున్నగా చేయకపోతే ఉప్పునీరు ఇంకిపోతుంది, తేలిన ఉప్పులో మట్టి కలుస్తుంది. మనం కంచంలో వేసుకునే తెల్లటి ఉప్పుకు ముందు ఎందరో పాదాలతో చేసిన ఈ చదును ఉంటుంది.

ముట్టుకోకుండా వదిలేయడం కూడా ఒక శ్రద్ధే. టెక్కలికి దగ్గరలోని తేలినీలాపురంలో ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి, ఊరి చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. వేసవి వచ్చేసరికి రెక్కలొచ్చిన పిల్లలతో ఎగిరిపోతాయి. ఆ చెట్ల జోలికి వెళ్లకుండా కాపాడుకోవడం ఊరి కట్టుబాటు. సముద్రపు ఒడ్డున ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ కాలంలోనే గుడ్లు పెట్టి వెళ్తాయి. ఏడెనిమిది వారాలకు గుడ్లు చిట్లి పిల్లలు బయటికి వస్తాయి. గుడ్లను కుక్కలు తవ్వకుండా చేరదీసి, పిల్లలు వచ్చాక నీళ్లలోకి వదిలే పనిలో ఊరి కుర్రాళ్లు పాలుపంచుకుంటారు. దేన్ని బాగుచేయాలో, దేన్ని దాని మానాన వదిలేయాలో తెలిసినవాడే అసలైన పనివాడు.

ఇంట్లో పనుల జాబితా తోట పనులకు తీసిపోదు. చింతపండు కొట్టి, పిక్క తీసి, ఈనెలు వేరుచేసి, ఉప్పు కలిపి కుండల్లో కుక్కాలి. కొత్త చేటకు, బుట్టలకు సందులు పూడేలా నానబెట్టి రుబ్బిన మెంతిపిండి, కాగితం ముద్ద కలిపి పూత పూయాలి. కొబ్బరాకు చీరి ఈనెలు తీసి చీపుర్లు కట్టాలి. ఆనపకాయ విత్తనం బూడిదలో కలిపి దాచాలి. సాగిపోయిన నులక మంచాన్ని మళ్లీ బిగించాలి. ఈ పనులు చాలావరకు ఆడవాళ్ల మీదే పడతాయి, లెక్కలోకి మాత్రం రావు. మోటారు బాగుచేసినవాణ్ణి ఊరంతా మెకానిక్ అంటుంది. చేటకు పూత పూసిన తల్లిని ఎవరూ ఏమీ అనరు. ఆ పూత లేకపోతే బియ్యపు నూకంతా సందుల్లోంచి కారిపోతుంది. రెండూ ఒకే జాతి తెలివి. మగపిల్లలకు చేట పూత, ఆడపిల్లలకు మోటారు విప్పడం నేర్పితే ఇంటికి రెట్టింపు చేతులు దొరుకుతాయి.

మోటారు ప్రస్తావన వచ్చింది కాబట్టి దాని దగ్గర నేర్చుకున్నదీ చెప్పాలి. మోటారు తిరుగుతుంది, నీళ్లు రావు. కొత్తవాడు వెంటనే మోటారు విప్పబోతాడు. మా ఊరి మెకానిక్ దాన్ని ముట్టుకోడు. "ముందు సులువుది సూడు బావూ, కష్టమైంది ఎక్కడికీ పారిపోదు" అంటాడు. నూతిలోని ఫుట్‌వాల్వ్‌లో ఆకు ఇరుక్కుందేమో చూస్తాడు. పైపు అతుకుల దగ్గర గాలి పీలుస్తోందేమో చెవి పెట్టి వింటాడు. పైపులో నీళ్లు నింపి చూస్తాడు. ఫ్యాను తిరగకపోతే ముందు కండెన్సర్ మార్చి చూస్తాడు. ఒక్కో కారణాన్నీ వరసగా కొట్టేస్తూ అసలుదాని దగ్గరికి చేరతాడు. డాక్టరు చేసేది ఇదే, శాస్త్రవేత్త చేసేదీ ఇదే. బడిలో సైన్సు పాఠంగా చెప్పే పరిశీలన, ఊహ, పరీక్ష మా ఊళ్లో నూతి గట్టు మీద రోజూ జరుగుతున్నాయి.

పనికీ సరదాకీ మా వైపు గీత గీయడం కష్టం. వేసవి రాత్రుల్లో పౌరాణిక నాటకాల రిహార్సళ్లు, అమ్మవారి సంబరాలు మొదలయ్యేసరికి హార్మోనియం తిత్తికి పడ్డ చిల్లు అతికించేవాడు ఒకడు, కిరీటానికి రంగుకాగితం అంటించేవాడు ఇంకొకడు బయల్దేరతారు. తప్పెటగుళ్లు ఆడేవాళ్లు గుండెకు కట్టుకునే రేకు తప్పెటలు సరిచూసుకుని, గజ్జెల పట్టీలు కుట్టుకుంటారు. ఎవరూ చెప్పకుండా, ఏ లాభమూ చూసుకోకుండా, అర్ధరాత్రి దాకా వంచిన తల ఎత్తకుండా చేసే ఆ పనిని ఏమనాలి? పాత రేడియో విప్పి కూర్చున్న పెద్దాయన్ని చూడండి. అందులో ఇప్పుడు వినేదేమీ లేకపోయినా దాన్ని మళ్లీ మాట్లాడించాలన్న పట్టుదల ఆయనది. మనిషి తనకోసం తాను ఎంచుకున్న పనిలో అలసట తెలియదు. ఆ కాసేపూ మనసులోని గోలంతా సద్దుమణిగి, ఎదుట ఉన్న మర ఒక్కటే లోకమవుతుంది.

ఇదంతా లేమి వల్ల పుట్టిన అలవాటే కదా, డబ్బుంటే కొత్తది కొనుక్కోరా అని అడిగేవాళ్లున్నారు. లేమి వల్ల పుట్టిన మాట నిజమే. కానీ లేమి తీరాక కూడా నిలుపుకోదగ్గ విలువ ఇందులో ఉందని తిత్లీ తుపాను మాకు చూపించింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాసకు దగ్గరలోనే తుపాను తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి కొబ్బరి తోటలు నేలకొరిగాయి, జీడి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కరెంటు స్తంభాలు పడిపోయాయి, దారులు మూసుకుపోయాయి. సహాయం వచ్చేలోగా దారిలో పడ్డ చెట్లను నరికి తీసింది ఊరివాళ్ల గొడ్డళ్లే. ఎగిరిపోయిన కప్పును దొరికిన కమ్మలతో మళ్లీ కప్పింది ఏటా వసంతంలో కప్పడం అలవాటైన చేతులే. నష్టపరిహారం అవసరం, అది ప్రభుత్వం బాధ్యత. కానీ మొదటి రోజున మనిషిని నిలబెట్టేది తన చేతికి వచ్చిన పని. నాటు కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్లు పడుతుంది, అంటు జీడి మూడో ఏటి నుంచి కాయడం మొదలెడుతుంది. ఇది తెలిసి కూడా పడిన చెట్టు పక్కనే గొయ్యి తీసి మొక్క పెట్టినవాళ్ల తోటల్లో ఈ రోజు మళ్లీ నీడ ఉంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పి తీరాలి. ఉద్దానాన్ని ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బు పీడిస్తోంది. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో తాగునీరు తెచ్చే పథకం వచ్చింది. జబ్బుకు కారణం ఇదీ అని శాస్త్రం ఇంకా తేల్చలేదు. నీళ్లు తాగకుండా ఎండలో చెమటోడ్చడం, ఒళ్లు నొప్పులకు షాపులో అడిగి మాత్రలు మింగడం మూత్రపిండాలకు చేటన్నది మాత్రం డాక్టర్లందరూ చెప్పే మాట. కాబట్టి పార పట్టేది ఎండెక్కకముందే. నీళ్ల సీసా పక్కన ఉండాల్సిందే. తొమ్మిది గంటలు దాటితే నీడ పట్టున చేసే పనులే. పారకు పిడి మార్చుకున్నంత శ్రద్ధగా ఏడాదికోసారి రక్తం, బీపీ చూపించుకోవాలి. పనిచేసే శరీరాన్ని మించిన పనిముట్టు లేదు.

లోకం కూడా ఇప్పుడిప్పుడే ఈ దారికి వస్తోంది. 2009లో నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టీన్ పోస్ట్మా అనే ఆమె 'రిపేర్ కేఫ్' మొదలుపెట్టింది. పాడైన వస్తువులు పట్టుకుని జనం వస్తారు, పని తెలిసినవాళ్లు పక్కన కూర్చుని బాగుచేయడం నేర్పుతారు. ఆ ఆలోచన ఎన్నో దేశాలకు పాకింది. మన ఊళ్లలో రావిచెట్టు కింద, కొలిమి దగ్గర, నూతి గట్టు మీద ఎప్పటినుంచో ఉన్నది ఇదే. వాళ్లు మళ్లీ మొదలుపెట్టి తెచ్చుకుంటున్నారు. మనం ఉన్నదాన్ని చేజార్చుకుంటున్నాం. పిల్లలు చదువులకు విశాఖపట్నం, హైదరాబాదు వెళ్తున్నారు. అది మంచిదే. సెలవులకు వచ్చిన పిల్లల చేతికి ఫోనుతోపాటు ఒక స్క్రూడ్రైవరు, ఒక కొడవలి కూడా ఇవ్వకపోవడమే మన లోపం.

అందుకని చదివేవారికి ఒక మనవి. ఈ ఉగాదికి మీ ఇంట్లో పాడైపోయి మూలన పడి ఉన్న వస్తువు ఒకటి తీయండి. గిలక కావచ్చు, గొడుగు కావచ్చు, మంచం కావచ్చు. ఇంట్లో పదేళ్లు దాటిన పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని దాన్ని విప్పండి. పని తెలిసిన పెద్దవాళ్లను పిలిచి అడగండి, వాళ్లు సంతోషంగా చెబుతారు. అది బాగుపడితే మంచిదే, పడకపోయినా లోపల ఏముందో పిల్లలకు తెలుస్తుంది. ఊళ్లో పని తెలిసిన చేతులు ఇంకా ఉన్నాయి. అవి ఉండగానే నేర్చుకోవాలి.